అమ్మ గొంతు, ఇంకొకరి ముఖం

మా వీధిలోకి షూటింగు వాళ్ళు దిగిన రోజు అమ్మ మిద్దె మీద మిరపకాయలు ఎండబోసి ఉంది. సినిమా అనుకున్నాం గానీ అది సినిమా కాదట. ఫోన్లలోనూ టీవీల్లోనూ భాగాలు భాగాలుగా వచ్చే సిరీసు. ఎక్కడో విదేశంలో పుట్టి, ఇప్పుడు మన భాషలన్నిటిలోనూ కథలు తీస్తున్న ఒక పెద్ద స్టూడియో వాళ్ళది. చంద్రగిరి కోటకు పోయే దారి పక్కనున్న మా వీధి వాళ్ళకు బాగా నచ్చిందని చెప్పారు. నచ్చిన వీధిని అలాగే ఉంచుతారనుకున్నాను. వచ్చిన రోజు నుంచే మార్చడం మొదలుపెట్టారు. ఎదురింటివాళ్ళు గృహప్రవేశానికి వేయించుకున్న లేతాకుపచ్చ రంగు మీద మట్టిరంగు పూశారు. మా ప్రహరీ గోడ మీద బ్రష్షుతో పగుళ్ళు గీశారు. ఆ గోడకే అవతలి కొసన నిజమైన పగులు ఒకటి ఉంది. అది కెమెరాలో బాగా రావడం లేదని దాని ముందు ఎద్దులబండి చక్రం ఒకటి ఆనించి పెట్టారు.

ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెబుతాను. మా ఆయన ఉద్యోగం సూళ్లూరుపేటలో, వారానికోసారి వస్తాడు. నాయనకు మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచి అమ్మా నాయనా నా దగ్గరే ఉంటున్నారు. వాళ్ళది ఐరాల పక్కన పల్లె. చెరుకు, బెల్లం, ఆవులు, వాళ్ళ బతుకంతా వాటితోనే గడిచింది. అమ్మ గొంతు చేలల్లో తయారైన గొంతు. ఈ గట్టున నిలబడి పిలిస్తే ఆ గట్టున నాయన తలెత్తాలి, అంత గట్టిది. చంద్రగిరిలో ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయని, కాస్త మెల్లగా మాట్లాడమని ఎన్నిసార్లు చెప్పినా ఆ గొంతు దిగలేదు.

ఆ రోజు లైట్లు పెట్టేవాళ్ళు ఇద్దరు అడగకుండానే మా మిద్దెక్కారు. ఎక్కి మిరపకాయల మీద అడుగేశారు. చప్పుడు విని అమ్మ వంటింట్లోంచి వాకిట్లోకి వచ్చి పైకి చూసింది.

"ఏమబ్బా, కండ్లు నెత్తిన పెట్టుకోని ఎక్కినారా? యాడోళ్ళబ్బా మీరు? మిరక్కాయలు తొక్కి ఆ కాళ్ళతోనే ఇంగో ఇంట్లోకి పోతారా? దిగండి కిందికి! పట్టపగలు మీకు లైటెందుకు? సూర్యుడు సాల్లేదా?"

వీధి మొత్తం ఆగిపోయింది. లైటు వాళ్ళు దిగిపోయారు. కింద నిలబడ్డ యూనిట్ అమ్మాయి ఒకామె, హైదరాబాదు పిల్ల, నవ్వుతూ ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉంది. ఏదో ఫోటో తీస్తోందనుకున్నాను. తర్వాత వాళ్ళు మాకు కొత్త మిరపకాయలు కొనిచ్చి, షూటింగు ముగించుకుని వెళ్ళిపోయారు. పూసిన మట్టిరంగు మాత్రం అలాగే ఉండిపోయింది.

కొన్నాళ్ళకు ఆ అమ్మాయే మళ్ళీ మా ఇంటికి వచ్చింది. సోఫాలో కూర్చుని ఫోన్‌లో అమ్మ తిట్టు వినిపించింది. మా డైరెక్టరుకు ఇది చాలా నచ్చింది మేడమ్, అంది. సిరీసులో ఒక ముసలామె పాత్ర ఉందట. వేసినామె ఉత్తరాది నటి, పేరున్నామె, తెలుగు ఒక్క ముక్క రాదు. ఆ ముఖానికి అమ్మ గొంతు కావాలి.

"నా గొంతా?" అమ్మ నా వైపు చూసింది. "ఆమె నోరు తెరిస్తే నేను మాట్లాడాల్నా?"

"అంతే అమ్మా. మీరు చెన్నై వచ్చి స్టూడియోలో చెప్తే చాలు. మేం అతికిస్తాం."

"ఆమెకు గొంతు బాగలేదా?"

"బాగానే ఉందమ్మా. హిందీలో ఆవిడే చెప్పుకుంటారు."

అమ్మకు అది సరిగా తలకెక్కలేదు. నిజానికి నాకూ ఎక్కలేదు. అంత పేరున్న నటిని తెచ్చి, గొంతు తీసేసి, మిరపకాయల కోసం అరిచిన మా అమ్మ గొంతు పెట్టడం ఏమిటి? గొంతే కావాలంటే అమ్మనే నటించమని అడగొచ్చు కదా? అడుగుదామనుకునేలోపే నాయన మంచం మీద నుంచే తేల్చేశాడు.

"పొయ్యి రామే. ఈడ అరిసేదేదో ఆడ అరిసి రా. రొంతసేపు నా సెవులన్నా సల్లగుంటాయి."

సెలవుల్లో పొద్దున రైలెక్కి అమ్మను నేనే తీసుకెళ్ళాను. పని కొన్ని రోజులు పడుతుందన్నారు. వడపళని దగ్గర సందులో చిన్న మేడ. బయటి నుంచి చూస్తే ఎవరో డాక్టరు ఇల్లులా ఉంది. పెద్ద స్టూడియో అంటే పెద్ద గేటు, తోటలు, జనం ఉంటారని అమ్మ అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. ఆ పెద్ద స్టూడియో ఎక్కడుందని ఆ అమ్మాయిని అడిగితే, ఇదీ వాళ్ళదే అనుకోండి, హైదరాబాదులో ఇలాంటివి ఉన్నాయి, ముంబైలో ఉన్నాయి, అంది. ఎక్కడా లేకుండా అన్నిచోట్లా ఉండే ఇల్లు ఎలా ఉంటుందో నాకు బోధపడలేదు.

అద్దాల గదిలో అమ్మను నిలబెట్టి చెవులకు హెడ్‌ఫోన్ తగిలించారు. ఎదురుగా తెర. తెర మీద మా వీధే. మా గోడ మీద గీసిన పగుళ్ళ ముందు ఒక ముసలామె నిలబడి ఉంది. మా అమ్మ కట్టుకునేలాంటి చీరే, కొప్పూ అలాగే. ఆమె నోరు కదుపుతుంది, ఆ కదలిక అయ్యేలోపల అమ్మ మాట అందులో సరిపోవాలి. ఇవతల గదిలో మీటల ముందు యాభై దాటిన తమిళాయన, ఆయన పక్కన మాటలు సరిచూసే ఇంకో హైదరాబాదు ఆవిడ, కాస్త పెద్దామె, వెనక స్టూలు మీద నేను.

మొదటి మాటలోనే చిక్కొచ్చింది. కాగితంలో "నువ్వు సీమ బిడ్డవి రా" అని ఉంది.

"ఇట్ల అనం గదమ్మా," అంది అమ్మ మైకులోంచి.

"ఎందుకనరు?"

"ఇంట్లో మనవడితో మాట్లాడేటప్పుడు నువ్వు సీమ బిడ్డవి అని ఎందుకంటాం? వాడికి తెలీదా వాడు యాడ పుట్నాడో?"

ఆవిడ నవ్వింది. "వాడికి తెలుసమ్మా. చూసేవాళ్ళకు తెలియాలి కదా."

"సూసేటోళ్ళు ఎవురు?"

"అందరూ."

అమ్మ కాసేపు ఆలోచించి, ఆ మాటే చెప్పింది. ఇంకోచోట అమ్మ తనకు వచ్చినట్టు "గమ్మునుండు నాయనా" అంటే, అదే బాగుందని వాళ్ళు ఉంచుకున్నారు. మరోచోట "ఈడికి రా" అంటే, పెదవులకు సరిపోలేదని "ఇటు రారా" చేశారు. కొన్ని మావి, కొన్ని వాళ్ళవి, కొన్ని ఎవరివీ కానివి. మధ్యాహ్నానికి ఏ మాట ఎవరిదో నాకూ గుర్తు లేదు.

మనవడి చేతికి కత్తి ఇచ్చి, మీ నాయనను చంపినవాణ్ణి చంపి రమ్మని చెప్పే ఘట్టం వచ్చినప్పుడు అమ్మ హెడ్‌ఫోన్ తీసేసింది.

"ఇది యా ఊర్లో జరిగింది?"

"కథలో చంద్రగిరే అమ్మా."

"చంద్రగిరిలోనా? నేనుండేది ఆడే గదా. మా వీధిలో ఇంతవరకు కోడిని కోసేదానికి తప్ప కత్తి ఎత్తింది లేదే!"

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. కానీ వదల్లేదు. "ఆ పిలగాడు పొయ్యి చంపినాడా? ఆఖర్న వాడేమైతాడు?"

అది చెప్పకూడదన్నారు. కథ బయటికి పోకూడదని స్టూడియో వాళ్ళ కట్టడి అట. పైగా ఘట్టాలు వరసగా రావు. ముందు ఏడుపు చెప్పించారు, చావు తర్వాత వచ్చింది. ఎవరు పోతే ఏడ్చిందో అమ్మకు సాయంత్రానికి తెలిసింది. మనవడేమవుతాడో తెలియకుండానే వాణ్ణి చంపడానికి పంపింది. పంపేటప్పుడు మాత్రం గొంతు ఎంత గట్టిగా మోగిందంటే, తమిళాయన మీట తిప్పి తగ్గించుకున్నాడు.

చివరి రోజు ఒక చిన్న ఘట్టం. కథలో ముసలామె మొగుడు మంచం పట్టి ఉంటాడు. ఆమె పక్కన కూర్చుని ఒకే ఒక మాట అనాలి. "నువ్వు లేకుంటే నేనెట్ల బతికేదబ్బా." అమ్మ కూరగాయల బేరం చేసినట్టు చెప్పింది. మళ్ళీ చెప్పించారు. మళ్ళీ అంతే. హైదరాబాదు ఆవిడ మైకు దగ్గరికి వంగి, "ఎవరినైనా తలుచుకుని చెప్పండమ్మా, పరవాలేదు, నెమ్మదిగా," అంది.

అమ్మ అద్దంలోంచి నన్ను చూసింది. తర్వాత తెర వైపు తిరిగి చెప్పింది.

అలాంటి గొంతు అమ్మ దగ్గర ఉందని నాకు తెలియదు. అది గట్టు దాటి వినబడేది కాదు. పక్క మనిషికే వినబడాలని అన్నది. తమిళాయన మీటల మీద నుంచి చేతులు తీసేసి, ఇక చాలమ్మా అన్నాడు. రైల్లో తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట గురించి అడగాలనుకున్నాను. అమ్మ పుత్తూరు వచ్చేదాకా నిద్రపోయింది. లేచి, "ఇంటికి పోతానే సంగటి సెయ్యాల, మీ నాయన ఏం తిన్నాడో ఏమో," అంది.

సిరీసు వచ్చింది. ఎంత చూశారో, ఎవరు చూశారో లెక్క నాకు తెలియదు గానీ, నేను ఎటు పోయినా అది ఉంది. స్కూల్లో ఎనిమిదో తరగతి పిల్లలు "గమ్మునుండు నాయనా" అని ఒకరినొకరు అనుకోవడం మొదలుపెట్టారు, అదీ మా అమ్మ లాగే సాగదీసి. అంతకు ముందు మా స్కూలు పిల్లలు ఆ మాట ఎరగక కాదు. వాళ్ళ ఇళ్ళలో అవ్వలూ అదే అంటారు. ఇంట్లో విన్నప్పుడు సిగ్గుపడి, క్లాసులో "సైలెంట్‌గా ఉండు" అనేవాళ్ళు. ఇప్పుడు ఫోన్‌లోంచి వచ్చేసరికి గొప్ప మాట అయింది. సంతోషించాలా, బాధపడాలా?

ఒక సాయంత్రం తిరుపతి నుంచి బస్సులో వస్తున్నాను. కిటికీ పక్కన కునుకు పట్టింది. "యాడికి పోతావ్? లోపలికి రా!" అని అమ్మ గద్దించింది. "వస్తాండామ్మా," అంటూ లేచి నిలబడ్డాను. ముందు సీటాయన ఫోన్ పట్టుకుని వెనక్కి తిరిగి చూశాడు. బస్సంతా చూసింది. సిగ్గుతో స్టాపు రాకముందే దిగి మిగతా దారి నడిచాను.

ఇంట్లో నాయన పరిస్థితి ఇంకా చిత్రం. మేం సిరీసును టీవీలో పెట్టుకుని చూశాం. అమ్మ నేల మీద కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది, నాయన కుర్చీలో. తెర మీద ఆ నటి మొగుణ్ణి తిడుతోంది. "తిని కూసోని ఏం సేస్తాండావ్, లెయ్యి!" నాయన ఉలిక్కిపడి కుర్చీలోంచి సగం లేచాడు.

"నిన్ను గాదు," అంది అమ్మ కింద నుంచి.

"ఎవురు మాట్లాడినారు ఇప్పుడు? నువ్వా, ఆమెనా?"

"నిన్ను గాదు అనింది నేను. లెయ్యమనింది ఆమె."

"రెండూ నువ్వే గదమే!"

నవ్వుతూనే చూశాం అప్పటిదాకా. ఆ మంచం ఘట్టం వచ్చింది. ఆ నటి మొగుడి చెయ్యి పట్టుకుని, మా అమ్మ గొంతుతో, ఆ మాట అన్నది. అమ్మ అనపకాయల మీద నుంచి తలెత్తలేదు. నాయన టీవీ వైపే చూస్తూ ఉండిపోయాడు. ఘట్టం అయిపోయి వేరే ఏదో పోట్లాట మొదలైనా ఆయన చూపు కదల్లేదు.

మరుసటి పొద్దున నేను వాకిలి ఊడుస్తుంటే లోపల వాళ్ళ మాటలు వినబడ్డాయి.

"ఆ మాట సెప్పేటప్పుడు ఎవుర్ని తలుసుకున్నావ్?" నాయన అడిగాడు.

"యా మాట?"

"మంచం తావ సెప్పింది."

"వాళ్ళు సెప్పమనిరి, సెప్పినా."

"ఊరికే సెప్తే అట్ల రాదులేమే."

"రాకుంటే మళ్ళీ మళ్ళీ సెప్పమంటారని సెప్పినా. కాళ్ళు నొప్పి, ఎంతసేపు నిలబడేది?"

"ఆ ముసిలోడు నాకంటే బాగుండాడులే," అన్నాడు నాయన. అమ్మ గిన్నె గట్టిగా పెట్టిన చప్పుడు వినబడింది. నేను చీపురు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. వాళ్ళ పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట ఇప్పుడే విన్నాడు. విన్నదేమో వేరే ఆడమనిషి నోట, వేరే మగవాడి కోసం. అది ఆయనకు చేరినట్టా, చేరనట్టా? అమ్మ నిజంగా ఎవరిని తలుచుకుంది? అద్దంలోంచి చూసింది నన్ను కదా. ఒకవేళ నన్నే తలుచుకుందేమో. చీపురు అక్కడే పెట్టేసి లోపలికి పోయి కాఫీ కలిపాను.

కొన్ని నెలలకు రెండో విడత తీస్తున్నామని, మా ఇంటికి వచ్చిన ఆ హైదరాబాదు అమ్మాయి ఫోన్ చేసింది. ఈసారి మీ అమ్మగారు చెన్నై రానవసరం లేకపోవచ్చు మేడమ్, అంది. అప్పుడు రికార్డు చేసిన మాటలన్నీ ఉన్నాయి, వాటి నుంచి కొత్త మాటలు తయారుచేసే పద్ధతి వచ్చింది, మీరు సరేనంటే పైవాళ్ళకు చెప్తాను. నేను ఫోన్ స్పీకర్‌లో పెట్టి అమ్మకు విడమరచి చెప్పాను.

"అంటే నేను సెప్పకుండానే నేను సెప్పినట్టు వస్తాదా?"

"అవునమ్మా," అంది అటునుంచి అమ్మాయి.

"నేను బతికే ఉండా గదమ్మా. పిలిస్తే వస్తాను. ఈసారి ఆ పిలగాడు ఏమైనాడో సెప్పండి, సెప్పినాంకనే మాట్లాడతా."

అమ్మాయి నవ్వి, అడిగి చెప్తానంది. మళ్ళీ ఫోన్ రాలేదు. ఎదురుచూసి నేనే చేస్తే, ఆ అమ్మాయి ఆ సంస్థ వదిలేసిందని వేరే ఎవరో చెప్పారు. ముసలామె గొంతు సంగతి అడిగాను. వేరే ఆర్టిస్టు చేశారనుకుంటా మేడమ్, నాకు కచ్చితంగా తెలియదు, అన్నారు. అమ్మతో ఆ మాటే చెప్పాను. "పోనీలే," అంది. ఆ మధ్యాహ్నం అన్నం సరిగా తినలేదు.

రెండో విడత విడుదలైంది. ఆదివారం పొద్దున ముగ్గురం కూర్చున్నాం. ముసలామె తెర మీదికి వచ్చి నోరు తెరిచింది.

అమ్మ గొంతు.

నేను నాయన వైపు చూశాను. నాయన తల అడ్డంగా ఊపాడు. "మీ అమ్మ గాదు."

"నేనే," అంది అమ్మ.

"నువ్వు యాడ పోయినావ్? ఇంట్లోనే ఉండావు గదా!"

"పోలేదు. అయినా నేనే. విను."

వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాను. కళ్ళు మూసుకుని విన్నాను. ఒక మాటలో అమ్మ. మరుసటి మాటలో ఎవరో అమ్మలా మాట్లాడేవాళ్ళు. మళ్ళీ వింటే మొదటిది వేరే ఎవరో, రెండోది అమ్మ. తెరతో పాటు చెప్పి చూడమన్నాను. అమ్మ చెప్పింది. రెండు గొంతులూ ఒకటిగా కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. అప్పుడు రికార్డు చేసి వాడని మాటలేమో ఇవి? ఎవరైనా మిమిక్రీ ఆర్టిస్టా? లేక ఆ అమ్మాయి చెప్పిన పద్ధతా?

"ఈ మాటలు అప్పుడు నువ్వు చెప్పావా అమ్మా? గుర్తు తెచ్చుకో."

అమ్మ చాలాసేపు ఆలోచించింది. ముఖంలో మొదటిసారి కొంచెం భయం కనిపించింది. "సెప్పినానేమో పాపా. వాళ్ళు ఎన్నెన్నో సెప్పించినారు. అవన్నీ యాడ గుర్తుంటాయి?"

"నువ్వు సెప్పలేదు," అన్నాడు నాయన. "ఆమెకు దమ్ము తీసేది లేదు. నువ్వు రెండు మాటలకొకసారి ఉస్సంటావు."

"సిన్మాలో ఉస్సంటే తీసేస్తారు. నీకేం తెలుసు?"

సాయంత్రం ఎదురింటామె వచ్చి, ఈసారి ఇంకా బాగా చెప్పావక్కా అని మెచ్చుకుంది. నేను అమ్మ ముఖం చూశాను. కాదంటుందనుకున్నాను. అమ్మ పైట సర్దుకుని, "ఏదో, వాళ్ళు అడిగిరి," అంది. ఆమె పోయాక ఎందుకలా అన్నావని అడిగాను.

"మరేం సెప్పాల? నా గొంతు నాది గాదని సెప్పాల్నా?"

ఫోన్‌లో మా ఆయనకు చెప్పాను. స్టూడియో వాళ్ళకు రాద్దామన్నాడు. ఏమని రాయాలి? మా అమ్మ గొంతు దొంగిలించారనా? అమ్మేమో అది తనదే, తనే చెప్పానంటోంది. వేరే ఎవరినో పెట్టారనా? అయితే ఫిర్యాదేముంది? ఎటు మొదలుపెట్టినా రెండో వాక్యం దగ్గర ఆగిపోయేదాన్ని. ఆఖరికి రాయలేదు.

నాయన తన దారి తాను చూసుకున్నాడు. ఆ సిరీసు తమిళంలోనూ వస్తుందని ఎవరో చెప్పారట. పడుచుతనంలో బెల్లం లారీలతో వేలూరు మార్కెట్టుకు తిరిగిన మనిషి, తమిళం బాగా వచ్చు. నన్ను పిలిచి భాష మార్పించుకున్నాడు. ముసలామె నోరు తెరిస్తే అందులోంచి ఎవరో తమిళ మామి గొంతు వచ్చింది. నాయన కుర్చీలో వెనక్కి వాలి, "ఈమెవురో నాకు తెలీదు. నిమ్మళంగా ఉండాది," అన్నాడు.

అమ్మకు తమిళం అంతంత మాత్రం. మొదట కోపంతో వంటింట్లోనే ఉండిపోయింది. తర్వాత వచ్చి ఆయన కుర్చీ పక్కన కూర్చుంది. ఇప్పుడు రోజూ అంతే. ముసలామె ఏదో పెద్దగా మాట్లాడుతుంది, అమ్మ నాయన మోకాలు తడుతుంది.

"ఏమంటాండాది?"

"బువ్వ తినమంటాండాది."

"అంతసేపు మాట్లాడింది, అంతేనా?"

"అంతే."

అది నిజంగా అంతేనో, ఆయన కల్పించి చెబుతున్నాడో, నా తమిళం కూడా తేల్చుకునేంత లేదు. అమ్మ కాసేపు ఆయన ముఖం చూసి, మళ్ళీ టీవీ వైపు తిరుగుతుంది.